అర్హత జీతం దగ్గరే ఎందుకు గుర్తొస్తుంది?

2025 జూన్‌లో మా కాలేజీ గెస్టు ఫ్యాకల్టీ ఇంటర్వ్యూకి మళ్లీ వెళ్లాను. ఇది ఏడోసారి. 2019 నుంచి అదే డిగ్రీ కాలేజీలో, దాదాపు అదే గదిలో తెలుగు చెబుతున్నాను. అయినా ప్రతి జూన్‌లో కొత్త మనిషిలా ఫైలు పట్టుకుని వరండాలో కూర్చోవాలి. ఫైల్లో ఎం.ఏ., పిహెచ్.డి., నెట్ సర్టిఫికెట్లు, అచ్చయిన వ్యాసాలు. నా ముందు కూర్చున్న పెద్దమనిషి ఒక్కొక్కటే తిప్పి చూసి, "అన్ని అర్హతలూ ఉన్నాయి కదమ్మా, మరి రెగ్యులర్ ఉద్యోగం ఎందుకు రాలేదు?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడ ఊరుకోవడం కూడా ఒక అర్హతే.

ఆ రోజు చెప్పని జవాబు ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను. నా ఒక్కదాని గోడు చెప్పుకోవడానికి కాదు. చదువు చెప్పే పనిలోకి ఆడవాళ్లను రానిచ్చే కాగితాల గురించి మనం తగినంత మాట్లాడుకోలేదనిపిస్తోంది. ఉద్యోగం వచ్చినవాళ్లు గడప దాటాక ఆ సంగతి మరచిపోతారు. రానివాళ్లు తమలోనే ఏదో లోపం ఉందనుకుని మాట్లాడరు.

మన దేశంలో టీచరుకి లైసెన్సు అనే మాట వాడరు, అర్హత అంటారు. పేరేదైనా పని లైసెన్సుదే. అదీ ఒకటి కాదు. ప్రాథమిక తరగతులకు చెప్పాలంటే రెండేళ్ల డి.ఎల్.ఎడ్. ఉండాలి. మన ఇళ్లల్లో ఇప్పటికీ టి.టి.సి. అనే అంటాం. హైస్కూలుకైతే డిగ్రీ, దానిమీద బి.ఎడ్. ఏడాది కోర్సుగా ఉన్న ఈ బి.ఎడ్. 2015 నుంచి రెండేళ్లయింది. హైస్కూల్లో తెలుగు చెప్పాలంటే తెలుగు మెథడాలజీతో బి.ఎడ్. గానీ తెలుగు పండిట్ శిక్షణ గానీ కావాలి. విద్యాహక్కు చట్టం వచ్చాక, 2010 నుంచి, ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లకు టెట్ తప్పనిసరి చేశారు. ఇవన్నీ ఉన్నా ఉద్యోగం వచ్చినట్టు కాదు, డి.ఎస్సీ. రాయడానికి అనుమతి వచ్చినట్టు. కాలేజీకైతే ఎం.ఏ.లో 55 శాతం మార్కులు, నెట్ లేదా రాష్ట్రస్థాయి సెట్, లేదా నిబంధనల ప్రకారం చేసిన పిహెచ్.డి. కావాలి. రిజర్వేషన్ వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంది.

ఈ లెక్కన తెలుగు సాహిత్యంలో డాక్టరేటు ఉన్న నేను ఆరో తరగతి పిల్లలకు తెలుగు వాచకం చెప్పడానికి పనికిరాను. ఈ మాట చెబితే మా బంధువులు పడీపడీ నవ్వుతారు. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించదు. పదకొండేళ్ల పిల్లకు చదవడం మీద ఇష్టం కలిగించడం వేరే విద్య, దాన్ని నేర్చుకోవాలి. నా సిద్ధాంత వ్యాసం నాకు పరిశోధన నేర్పింది తప్ప, వెనక బెంచీలో నిద్రపోతున్న పిల్లను ఎలా లేపాలో నేర్పలేదు. కాబట్టి శిక్షణ వద్దనో, అర్హతలు వద్దనో నేను అనడం లేదు. ఈ అర్హతలు దేన్ని కొలుస్తున్నాయి, ఎవరి దగ్గర ఎప్పుడు అడుగుతున్నారు అన్నదే నా ప్రశ్న.

మా పెద్దక్క సంగతి చెబుతాను. టి.టి.సి. చేసి, డి.ఎస్సీ. రాసి ఇరవై రెండేళ్ల కిందట సెకండరీ గ్రేడ్ టీచరయింది. ఒకే గదిలో మూడు తరగతులు కూర్చోబెట్టుకుని చెప్పిన మనిషి. 2010లో టెట్ పెట్టినప్పుడు అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అక్కర్లేదన్నారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ మాట మారింది. పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సమయం ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. అంతకంటే తక్కువ సర్వీసు ఉన్నవాళ్లు కొనసాగవచ్చు గానీ, పదోన్నతి కావాలంటే వాళ్లకూ టెట్ కావాలి. ఇప్పుడు మా అక్క రాత్రి పదింటికి వంటిల్లు సర్ది గైడు ముందేసుకుని కూర్చుంటోంది. అదే గైడు పగలు ఆమె కూతురు చదువుకుంటుంది, డి.ఎస్సీ. కోసం. మొన్న వెళ్తే అక్క, "నువ్వు డాక్టరువి గదే, ఈ పియాజే ఏమంటాడో కాస్త చెప్పు" అంది. చెప్పాను. విని, "ఓస్, ఇదా! ఒకటో తరగతి పిల్లలకు గింజలు చేతికిచ్చి లెక్క చెప్పేది ఇందుకే గదా" అంది. పియాజే పేరు తెలియకుండానే ఆమె ఇరవై రెండేళ్లు ఆ పని చేసింది. రేపు పరీక్ష అడిగేది మాత్రం పేరునీ, దశనీ, వయసునీ. అక్క గింజల పాఠం చూడటానికి ఎవరూ రారు.

పిల్లలకు మంచి టీచరు కావాలనే కోర్టు ఉద్దేశాన్ని నేను కాదనను. కానీ టీచరు నాణ్యతను రాత్రి పదింటి తర్వాత మిగిలిన ఓపికతో కొలవడం ఏమిటి? ఇంటికి రాగానే స్నానం చేసి టీ తాగుతూ పుస్తకం తెరిచే టీచరుకీ, ఇంటికి రాగానే రెండో డ్యూటీ ఎక్కే టీచరుకీ పరీక్ష ఒకటే, గడువు ఒకటే. దాన్నే సమానత్వం అంటున్నాం.

ఇక నా దారి. నెట్ మొదటిసారి 2012 జూన్‌లో రాశాను. అంతకుముందు మూడో పేపరులో వ్యాసాలు రాయాల్సి ఉండేది. సరిగ్గా ఆ జూన్ నుంచే అది కూడా నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్షగా మారింది. 2018లో మూడు పేపర్లు పోయి రెండే మిగిలాయి: మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. సాహిత్యం చెప్పబోయే మనిషి చేత ఒక్క వాక్యం కూడా రాయించకుండా, ఒక్క మాట కూడా మాట్లాడించకుండా సాహిత్యం చెప్పే అర్హత ఇస్తున్నాం. మొదటి పేపరులో బోధనా సామర్థ్యం మీద ప్రశ్నలుంటాయి. మంచి టీచరు లక్షణం ఏది? ఎ, బి, సి, డి.

భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథనే తీసుకోండి. 1902లో 'హిందూసుందరి'లో వచ్చింది. ఏ పత్రిక, ఏ సంవత్సరం అని పరీక్ష అడగగలదు. నేను ఆ కథ చెప్పిన రోజు ఏం జరిగిందో అడగలేదు. భర్త తప్పుదారిన తెచ్చిన సొమ్మును పేద ఇల్లాలు వద్దంటుంది, తిరిగి ఇచ్చెయ్యమని నచ్చజెబుతుంది. మెచ్చుకోలుగా పాఠం ముగించబోతుంటే రెండో బెంచీ పిల్ల లేచి, "మేడం, తప్పు చేసింది ఆయన. దిద్దే పని ఎప్పుడూ ఆమెదేనా?" అంది. మిగతా పీరియడంతా తరగతి రెండు పక్షాలుగా చీలి వాదించుకుంది. నేను పరిశోధనలో ఆ కథ గురించి ఆరు పేజీలు రాశాను. ఆ ప్రశ్న ఆ ఆరు పేజీల్లో లేదు. అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర ఇంట్లోనే నేర్చుకుంది. ఆమె రాసిన కథ చెప్పడానికి నాకు మూడు సర్టిఫికెట్లు కావాలి. ఆ మూడింటిలో ఒక్కటి కూడా ఆ పిల్ల ప్రశ్నను విననిచ్చే ఓర్పు నాకుందో లేదో చూడలేదు.

నెట్ గురించి మనలో చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. కనీస మార్కులు తెచ్చుకుంటే పాసయ్యే పరీక్ష కాదది. రెండు పేపర్లూ రాసినవాళ్లలో ఆరు శాతం మందికే అసిస్టెంటు ప్రొఫెసరు అర్హత ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేవాళ్లు బండి నడపడం వచ్చో రాదో చూస్తారు గానీ, వచ్చినవాళ్లలో వందకు ఆరుగురికే ఇస్తామనరు. అంటే ఇది అర్హత తేల్చడం కాదు, అర్హతను రేషన్ చెయ్యడం. 2015లో మా అమ్మాయి పుట్టిన ఏడాది నేను రెండు మార్కుల తేడాతో పోయాను. పరీక్ష హాలు బయట చెట్టు కింద అమ్మ పసిపిల్లను ఎత్తుకుని కూర్చుంది. నాకు రెండు మార్కులు తక్కువైనందుకు నేను పాఠం చెప్పలేనిదాన్నయ్యానా? 2018 డిసెంబరులో పాసయ్యాను. ఆ మూడేళ్లలో నాలో పెరిగింది పరీక్ష రాసే నైపుణ్యమే. అది నా తరగతికి ఇంతవరకూ ఎందుకూ పనికిరాలేదు.

పోనీ, గడప ఎత్తు ఒకటే అయినా దాటడం నేర్చుకుంటాం. అది మారుతూ ఉంటుంది. 2009 నిబంధనలు, వాటి ప్రకారం చేసిన పిహెచ్.డి. ఉంటేనే నెట్ మినహాయింపు అన్నాయి. అంతకుముందు చేరినవాళ్ల డాక్టరేట్లు చాలకుండా పోయాయి. 2015లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. 2016లో, 2009 జూలై 11కు ముందు నమోదైనవాళ్లకు కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చారు. 2018లో, విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే 2021 జూలై నుంచి పిహెచ్.డి. తప్పనిసరి అన్నారు. తర్వాత ఆ గడువును 2023 జూలైకి జరిపారు. గడువు వచ్చేసరికి, నెట్ గానీ సెట్ గానీ ఉంటే చాలు, పిహెచ్.డి. ఐచ్ఛికమే అన్నారు. స్కూళ్ల సంగతీ ఇంతే. ఏడేళ్లే చెల్లుతుందన్న టెట్ సర్టిఫికెట్టు 2021లో జీవితకాలం చెల్లేదయింది. బి.ఎడ్. వాళ్లు ప్రాథమిక తరగతులకు పనికొస్తారని 2018లో అన్నారు, పనికిరారని 2023లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది.

ఒక్కో మార్పుకూ ఏదో కారణం ఉండే ఉంటుంది. కానీ ప్రతి మార్పూ ఎవరో ఒకరి ఐదేళ్లను మింగింది. ఆ ఐదేళ్లు ఎవరివైనా ఐదేళ్లే గానీ, ఆడపిల్లకు ఆ ఐదేళ్లు ఇరవై ఐదుకీ ముప్పైకీ మధ్య వస్తాయి. పెళ్లి, పురుడు, ఊరు మారడం, అత్తగారి ఆపరేషను, అన్నీ అందులోనే. పిహెచ్.డి. గడువులో స్త్రీలకు రెండేళ్ల అదనపు సమయం, 240 రోజుల ప్రసూతి సెలవు ఉన్నాయి. మంచిదే. కానీ నిబంధన మారినప్పుడు ఆ రెండేళ్లు ఆలస్యమైన స్త్రీయే మార్పుకి అవతల పడుతుంది. సమయం ఇచ్చారు గానీ, ఆమె వచ్చేదాకా తలుపు అక్కడే ఉంటుందన్న హామీ ఇవ్వలేదు.

ఈ కోపంతోనే ఒకరోజు స్టాఫ్ రూములో నెట్ రద్దు చెయ్యాలని వాదించాను. మాతో పాటు గెస్టుగా పనిచేసే చరిత్ర మేడం అంతా విని, "అక్కా, ఒక మాట చెప్పనా" అంది. "నీకు నెట్ అవమానం. మాకు అదే రక్షణ. నా పేరు వెనక ఏముందో కంప్యూటర్‌కి తెలియదు. ఇంటర్వ్యూ బోర్డుకి తెలుస్తుంది. నేను చెప్పే పాఠం చూసి మార్కులు వేస్తామంటే, చూసే కళ్లు ఎవరివని అడుగుతాను. మా వాడలో మొదటి లెక్చరర్ని నేను. ఆ సర్టిఫికెట్టు మా నాన్న ఫ్రేము కట్టించుకున్నాడు." నా దగ్గర జవాబు లేదు. నెట్ రాకముందు కాలేజీ ఉద్యోగాలు ఏ ఇళ్ల పిల్లలకు, ఏ గురువుల సిఫారసుతో వచ్చేవో నాకు తెలియనిది కాదు. నా కులం వల్ల ఆ పాత పద్ధతి నన్ను భయపెట్టలేదు, అంతే. అప్పటినుంచీ నెట్ తీసెయ్యాలనడం మానేశాను. మేమిద్దరం కలిసి అడుగుతున్నది వేరే. కష్టపడి సంపాదించిన ఆ అర్హతను మీరైనా గౌరవిస్తున్నారా?

గౌరవించడం లేదు. అసలు తగువు అక్కడే ఉంది. చరిత్ర చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లు పనిచేశారు. తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. శిక్షణ లేకపోయినా ఫరవాలేదు, గౌరవవేతనమే కదా అన్న రోజులున్నాయి. పిల్లలు అవే పిల్లలు, బడి అదే బడి. చవకగా దొరికినప్పుడు అడగని అర్హతను పూర్తి జీతం అడగ్గానే అడుగుతారు. కాలేజీల్లో ఇది తిరగబడి కనిపిస్తుంది. 2019లో యు.జి.సి. గెస్టు ఫ్యాకల్టీకి ఇచ్చిన మార్గదర్శకాల్లో రెగ్యులర్ అసిస్టెంటు ప్రొఫెసరుకి ఉన్న అర్హతలే ఉండాలంది. ఇవ్వాల్సింది మాత్రం లెక్చరుకి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా. మా కాలేజీలో అదీ లేదు, అందులో సగమైనా రాదు. పీరియడుకి ఇంతని లెక్క. మే నెల జీతం ఉండదు. పేపర్లు దిద్దిన రోజులు పీరియడ్లు కావు. మాలో ఒకామె ఏడో నెల గర్భంతో సెలవు అడిగితే, "మళ్లీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అప్లై చేసుకోమ్మా" అన్నారు. ఆమె అప్లై చేసుకునేసరికి ఆ స్థానంలో వేరే మనిషి ఉంది. ఆ వేరే మనిషి కూడా ఆడమనిషే.

2018 యు.జి.సి. నిబంధనల్లో ఒక క్లాజు ఉంది. మనందరం బిగ్గరగా చదవాల్సిన క్లాజు. తాత్కాలికంగానో కాంట్రాక్టు మీదో చేసిన పాత సర్వీసును తర్వాత లెక్కలోకి తీసుకోవాలంటే పెట్టిన షరతుల్లో ఒకటి, ఆ రోజుల్లో ఆ వ్యక్తి తీసుకున్న మొత్తం వేతనం రెగ్యులర్ అసిస్టెంటు ప్రొఫెసరు నెలసరి వేతనానికి తక్కువ కాకూడదు! తక్కువ ఇచ్చింది వాళ్లే. తక్కువ తీసుకున్నావు కాబట్టి నీ అనుభవం అనుభవం కాదనేదీ వాళ్లే. నా ఏడేళ్లు, చరిత్ర మేడం తొమ్మిదేళ్లు ఈ ఒక్క వాక్యం కింద కొట్టుకుపోతాయి. రెండో బెంచీ పిల్ల ఆ ప్రశ్న అడిగిన పీరియడు కూడా కొట్టుకుపోతుంది. వంటపనికి జీతం లేదు కాబట్టి అది పని కాదన్న లెక్కకీ దీనికీ తేడా ఏమిటో నాకు ఎవరైనా చెప్పండి. ఇంట్లో విని విని వచ్చిన మాటే విశ్వవిద్యాలయం గెజిట్ భాషలో మళ్లీ చెబుతోంది.

మరి వేరే దారి లేదా? ఉండేది. దుర్గాబాయి కాకినాడలో ఆడవాళ్లకు హిందీ పాఠశాల పెట్టి చదువు చెప్పేనాటికి ఆమెకు మెట్రిక్యులేషను లేదు, ఇంకా చిన్నపిల్ల. తర్వాత ఎప్పటికో బెనారసు మెట్రిక్ ప్రైవేటుగా కట్టింది. ఆ దారి ఎంత కష్టమో తెలిసింది గనుకే, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు 1958లో మధ్యలో చదువు మానేసిన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు మొదలయ్యాయి. పెళ్లయినవాళ్లు, భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు తక్కువ కాలంలో చదువు పూర్తి చేసుకుని టీచరు శిక్షణకో, నర్సు శిక్షణకో అర్హులు కావడానికి. అక్కడ ప్రమాణం తగ్గించలేదు. ఆ ప్రమాణం దాకా నడిచే దారిని స్త్రీ జీవితానికి తగ్గట్టు వేశారు. అరవై ఏళ్ల తర్వాత మనం ప్రమాణాన్ని మాత్రం పట్టుకుని దారిని మరచిపోయాం.

మేము అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు. నెట్‌ను ఆరు శాతం రేషన్ కాకుండా, కనీస మార్కులు వచ్చిన అందరికీ అర్హత ఇచ్చే పరీక్షగా చెయ్యండి. మాట్లాడే, రాసే అభ్యర్థిని కూడా చూడండి, చూసేవాళ్లలో దళిత, బహుజన, ముస్లిం స్త్రీలు తప్పనిసరిగా ఉండేలా. కోర్సు మొదలుపెట్టిన రోజు ఉన్న నిబంధనే ఆ మనిషికి చివరిదాకా వర్తించాలి. సర్వీసులో ఉన్న టీచరమ్మలకు పరీక్ష తప్పదంటే, చదువుకోవడానికి డ్యూటీలోనే సమయం ఇవ్వండి. అర్హత ఉన్న గెస్టు లెక్చరరు చెప్పిన ప్రతి ఏడాదినీ ఒక ఏడాదిగా లెక్కపెట్టండి, ప్రసూతి సెలవుతో సహా.

చివరగా మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఒకటి ఉంది. ఈ వ్యాసం చదివేవాళ్లలో రెగ్యులర్ ఉద్యోగాల్లో ఉన్న అధ్యాపకురాళ్లు చాలామంది. కొందరు ఆ ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చుంటారు. స్త్రీల శ్రమ గురించి మీరు రాసిన పుస్తకాలు నా బల్ల మీద ఉన్నాయి, నేను వాటిని తరగతిలో చెబుతున్నాను. మీ డిపార్టుమెంటులోనే పీరియడు లెక్కన పనిచేసే అమ్మాయికి మే నెలలో జీతం వస్తోందో లేదో ఒకసారి కనుక్కోండి. మీరు పత్రసమర్పణకు వెళ్లిన రోజున మీ తరగతి తీసుకునేది ఆ అమ్మాయే.

వచ్చే జూన్‌లో మళ్లీ వరండాలో కూర్చుంటాను. అన్ని అర్హతలూ ఉన్నాయి కదమ్మా అని ఎవరైనా అడిగితే ఈసారి ఊరుకోను. "ఉన్నాయి సార్. వాటికి పూర్తి జీతం ఇవ్వడానికి మీకు ఏ అర్హత తక్కువైంది?" అని అడుగుతాను. ఒక్కదాన్నే అడిగితే ఆ పీరియడ్లు కూడా పోతాయని తెలుసు. అందుకే నా తర్వాత లోపలికి వెళ్లే చరిత్ర మేడం కూడా అదే అడుగుతానంది. ఆమె తర్వాత వెళ్లేవాళ్లతో మాట్లాడుతున్నాం.